ఆధునిక కళలో చెత్త: వస్తువు, సామగ్రి, శ్రమ

వ్యాససంగ్రహం

పారవేసిన వస్తువులను కళాసామగ్రిగా స్వీకరించే ధోరణి ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల నుండి కొనసాగుతున్నది. దీనిని విమర్శ ఎక్కువగా రూపప్రయోగంగానే పరిగణించింది. కుర్ట్ ష్విటర్స్, అర్మాన్, మియర్ల్ లాడర్‌మన్ యూకలీస్, వివాన్ సుందరంల కృతుల ఆధారంగా, చెత్తను ఎత్తే మనిషికి ఈ కళలో దక్కిన స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చెత్త, మెర్ట్స్, నిర్వహణకళ, పారిశుద్ధ్యశ్రమ, కులం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'చెత్త' అనే మాట పదార్థాన్నీ చెబుతుంది, తీర్పునూ చెబుతుంది. ఊడ్చి పారబోసేది చెత్త. నాసిరకం సినిమా, పసలేని రచన కూడా చెత్తే. పల్లెలో పెంటకుప్పకు ఒక గమ్యం ఉండేది. అది ఎరువై పొలానికి చేరేది. నగరపు చెత్తలో అధికభాగానికి అటువంటి తిరుగుదారి లేదు. మాలిన్యమంటే ఉండవలసిన చోట లేని పదార్థమనే భావనను మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్ 1966లో వెలువరించిన గ్రంథంలో వివరించింది. ఈ దృష్టితో చూస్తే చెత్తదనం పదార్థానికి సహజగుణం కాదు. సమాజం దానిపై వేసిన ముద్ర. ఆ ముద్రను చెరిపివేయడం చెత్తను స్వీకరించిన కళ చేసే మొదటి పని. అయితే వస్తువు మీది ముద్ర చెరిగినప్పుడు, దానిని రోజూ తాకే మనిషి మీది ముద్ర కూడా చెరుగుతుందా అన్నది విచారణీయం.

2. సామగ్రిగా చెత్త

మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీలో, హనోవర్ నగరవాసి ష్విటర్స్ ట్రాము టికెట్లు, చిరిగిన కాగితాలు, తీగలు, చెక్కముక్కలు ఏరి చిత్రాలుగా కూర్చాడు. 1919లో తన పద్ధతికి 'మెర్ట్స్' అని పేరు పెట్టుకున్నాడు. వాణిజ్యమనే అర్థమున్న 'కొమెర్ట్స్' అనే అచ్చుమాటలోంచి తెగిన తునక అది. వ్యవస్థ ముక్కలైన కాలంలో ముక్కలతోనే సమన్వయాన్ని సాధించాలన్న తపన ఈ కృతుల బలం. కాని ఫలకం మీదికి చేరిన టికెట్టు క్రమంగా రంగుగా, రేఖగా మారుతుంది. చెత్త తన పూర్వజన్మను మరచిపోవడమే ఇక్కడ సౌందర్యానికి మూల్యం.

అర్మాన్ ఇందుకు భిన్నమైన మార్గం తొక్కాడు. ఇండ్లలోని చెత్తను పారదర్శకపు పెట్టెల్లో ఉన్నదున్నట్టుగా నింపాడు. 1960లో పారిస్‌లోని ఇరిస్ క్లెర్ గ్యాలరీని పాత సామానుతో నింపివేయగా, ప్రేక్షకులు వీధిలో నిలబడి అద్దంలోంచి చూడవలసి వచ్చింది. అదే గ్యాలరీని రెండేండ్ల ముందు ఈవ్ క్లైన్ ఖాళీగా ప్రదర్శించిన సంగతి తెలిసినవారికి దీనిలోని వ్యంగ్యం బోధపడుతుంది. ఇక్కడ చెత్త అందంగా మారలేదు, వినియోగసమాజపు చిత్రపటమైంది. అయినా ఇద్దరి కృతుల్లోనూ పారవేసినవారు, ఏరుకున్న కళాకారుడు మాత్రమే ఉన్నారు. నడుమ ఉండవలసిన మూడో మనిషి లేడు.

3. శ్రమగా చెత్త

ఆ మూడో మనిషిని కేంద్రానికి తెచ్చినది యూకలీస్. తల్లి అయిన తరువాత, 1969లో ఆమె ఇంటిపనిని, శుభ్రపరిచే పనిని కళగా ప్రకటిస్తూ ఒక ప్రణాళిక రాసింది. 1973లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ మ్యూజియం మెట్లను స్వయంగా కడిగింది. 1979-80లో న్యూయార్క్ పారిశుద్ధ్యశాఖకు చెందిన సుమారు 8,500 మంది కార్మికులను కలిసి, ఒక్కొక్కరితో కరచాలనం చేసి కృతజ్ఞత తెలిపింది. ఈ కృతికి కేంద్రం వస్తువు కాదు, స్పర్శ. భారతీయ పాఠకునికి ఈ కరచాలనం మరింత లోతుగా తాకుతుంది. పారిశుద్ధ్యపు పనిని కులం తరతరాలుగా కొందరి నెత్తిన రుద్ది, ఆ పని చేసినందుకే వారిని అంటరానివారిగా నిలిపిన సమాజంలో తాకడమనేది మర్యాద మాత్రమే కాదు, ధిక్కారం.

4. వివాన్ సుందరం: రెండో ఎంపిక

సుందరం 2008లో ప్రదర్శించిన 'ట్రాష్' కృతులకు ఢిల్లీలోని చెత్త ఏరేవారి సహకారం ఆధారం. వారి నుండి సేకరించిన చెత్తతో స్టూడియో నేల మీద ఒక ఊహానగరాన్ని నిర్మించి, ఛాయాచిత్రాలు తీశాడు. ఎత్తునుండి చూసినప్పుడు అది పట్టణ ప్రణాళికాపటంలా కనిపిస్తుంది. పై నుండి చూసే అధికారి చూపును ఎత్తిపొడవడం దీని ఉద్దేశమే. కాని అంత ఎత్తునుండి చూసే ప్రేక్షకునికి ఏరినవారి చేతులు కనబడవు. ఇది ఈ చిత్రాల పరిమితి.

2005 నాటి '12 బెడ్ వార్డ్'లో ఈ లోపం లేదు. పన్నెండు ఇనుప మంచాలకు పరుపులకు బదులు అరిగిన చెప్పుల అట్టలు అల్లి ఉంటాయి. పైనున్న దీపాల వెలుగులో వాటి నీడలు నేలపై పరచుకుంటాయి. మంచాల మీద ఎవరూ లేరు. అయినా ప్రతి అట్ట మీద ఒక పాదం అరుగుదల ఉంది. మనిషిని చూపకుండానే మనిషి లేని లోటును ఈ కృతి చూపగలిగింది.

మరొక అంశం గమనార్హం. ఏది అమ్ముడుపోతుందో, ఏది పోదో తెలిసి కుప్పలోంచి వేరుచేసేది చెత్త ఏరే మనిషి. ఆ విధంగా వర్గీకరణను మొదట తలకిందులు చేసేది ఆ మనిషే. కళాకారునిది రెండో ఎంపిక.

5. ముగింపు

చెత్తను కళగా మార్చిన నేర్పు ఒక్కటే ఈ కృతుల విలువకు కొలమానం కాజాలదు. ష్విటర్స్, అర్మాన్‌లు వస్తువు మీది తీర్పును మార్చారు. యూకలీస్ శ్రమ మీది తీర్పును ప్రశ్నించింది. సుందరం ఉత్తమకృతి ఆ రెండింటినీ కలిపింది. మొదటి ఎంపిక ఎవరిదో మరచిన కళ, చెత్తకు గౌరవం కల్పించి మనిషిని కుప్ప దగ్గరే వదిలివేస్తుంది. కులస్పృహను పక్కనబెట్టి భారతదేశపు చెత్తకళను పర్యావరణ ప్రబోధంగా మాత్రమే చదివే విమర్శ కూడా చేసేది అదే.