ఖాళీగా వదిలిన రోజులు

దాళ్వా ధాన్యం మిల్లుకు చేరి, కాలువలు కట్టేశాక మా తణుకు చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్ల మనసు ప్రయాణాల మీదికి మళ్లుతుంది. "ఈసారి చార్‌ధామ్ అనుకుంటున్నామండీ" అంటారు. ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. పిల్లల పెళ్లిళ్లు అయిపోయాయి, కాళ్లలో ఓపిక ఇంకా కొంత మిగిలుంది, అదీ పోకముందే కేదారనాథుణ్ణి చూసి రావాలి. తెలిసినవాళ్లు అడిగితే వాళ్ల యాత్రకు రోజువారీ ప్లాను రాసిపెట్టడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకోవాలి, ఏ దారి మూసుకుపోతే ఎక్కడ ఆగాలి, ఎక్కడి నుంచి వెనక్కి తిరగాలి. ఊళ్ల పేర్లు, కిలోమీటర్లు ఎవరైనా రాసిస్తారు. ఆ కాగితంలో ఖాళీ రోజులు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడమే అసలు పని అని నా నమ్మకం.

అక్టోబరులో వెళ్లొచ్చు కదా అంటారు కొందరు. వానలు వెనుదిరిగాక హిమాలయాల్లో ఆకాశం తేటపడుతుంది, మంచుకొండలు స్పష్టంగా కనిపిస్తాయి. కాదనను. కానీ అప్పుడు మా పొలాల్లో సార్వా వరి ఇంకా చేలోనే ఉంటుంది, బంగాళాఖాతంలో ఏ తుపాను లేస్తుందోనని గుండెలు బరువుగా ఉంటాయి. డెల్టా రైతు ఆ నెలలో ఇల్లు కదలడు. అతనికి కుదిరేది దాళ్వాకీ ఏరువాకకీ మధ్య ఉన్న ఈ ఎండల్లోనే. గంగోత్రి, యమునోత్రి గుళ్లు అక్షయ తృతీయకు తెరుస్తారు. కేదార్‌నాథ్ తెరిచే తేదీని శివరాత్రినాడు ఉఖీమఠ్‌లోనూ, బదరీనాథ్ తేదీని వసంత పంచమినాడు నరేంద్రనగర్ రాజభవనంలోనూ ప్రకటిస్తారు. మనవల్ని కూడా తీసుకెళ్లాలంటే జూన్ 12న బళ్లు తెరిచేలోగా తిరిగి రావాలి. మొత్తం కలిపితే చేతిలో ఉండేది ఓ ఆరు వారాలు.

ఆ ఆరు వారాలూ ఒక్క తీరుగా ఉండవు. మే మొదటి సగంలో మధ్యధరా సముద్రం వైపు నుంచి పశ్చిమ అలజడులు వస్తూనే ఉంటాయి. మనం ఇక్కడ కూలర్ల ముందు కూర్చున్న రోజుల్లో అక్కడ మంచు కురిపిస్తాయి. 2023లో కేదార్‌నాథ్ గుడి ఏప్రిల్ 25న తెరిచారు. అప్పుడు మంచు ఆగకుండా పడుతుంటే కొత్త రిజిస్ట్రేషన్లు కొన్నాళ్లు నిలిపేశారు. జూన్ నడిమికొస్తే రుతుపవనాల భయం. ఇక మిగిలేవి మే ఆఖరి వారం, జూన్ మొదటి వారం, అంటే మన రోహిణి కార్తె. ఇక్కడ రోళ్లు పగిలే ఎండ కాసే రోజులే అక్కడ కాస్త నమ్మదగిన రోజులు. నేను రాసే ప్లాన్లన్నీ ఆ పక్షం చుట్టూనే తిరుగుతాయి. అందరూ అప్పుడే వస్తారు కాబట్టి రద్దీ ఎక్కువ. అయినా వానను ఎదుర్కోవడం కన్నా క్యూలో నిలబడటం మేలంటాను.

కార్తెల లెక్క కొండల్లో ప్రతిసారీ పనిచేయదని 2013 చూపించింది. అప్పటి లెక్క ప్రకారం జూలై 15 నాటికి దేశమంతా పరుచుకోవాల్సిన నైరుతి రుతుపవనాలు ఆ ఏడు జూన్ 16కే ఆ పని చేసేశాయి. అదే సమయంలో ఒక పశ్చిమ అలజడి వాటికి ఎదురొచ్చింది. రెండూ కలిసి ఉత్తరాఖండ్ మీద కుమ్మరించాయి. గుడికి పైన చోరాబారి హిమానీనదం పక్కనున్న సరస్సు వాన నీటితోనూ, కరిగిన మంచుతోనూ నిండి, జూన్ 17 ఉదయం గట్టు తెంచుకుంది. మట్టీ బండలూ కలిసిన వరద కేదార్‌నాథ్ మీద పడింది. గుడి వెనక ఆగిన ఒక పెద్ద బండ ఆ వరదను రెండు పాయలుగా చీల్చింది, దాన్ని ఇప్పుడు భీమశిల అంటున్నారు. కింద రాంబాడా అనే మజిలీ ఆనవాలు లేకుండా పోయింది. వేలమంది చనిపోయారు. చిక్కుకుపోయినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. మనకది మృగశిర కార్తె, నారుమళ్ల ఆలోచనలో ఉండే రోజులు. ఆ తర్వాత కాలిబాటను మందాకిని అవతలి ఒడ్డుకు మార్చారు. గౌరీకుండ్ నుంచి 14 కిలోమీటర్లుండే నడక సుమారు 16 అయింది.

అంతటి విపత్తు ఏటా రాదు. కానీ మధ్యాహ్నపు వాన దాదాపు రోజూ ఉంటుంది, ప్లాను వేసేటప్పుడు ముందు చూడాల్సింది దాన్నే. పొద్దున ఎండకు కొండవాలు వేడెక్కుతుంది. లోయలోని తేమగాలి ఆ వాలు పట్టుకుని పైకి ఎగబాకి, చల్లబడి, పన్నెండూ ఒంటిగంటకల్లా మబ్బు కడుతుంది. మూడింటికి కురుస్తుంది. అందుకే గౌరీకుండ్‌లో తెల్లవారుజామునే అడుగు పడాలి. మధ్యాహ్నం రెండింటికి లించోలి చేరకపోతే ఆ రాత్రికి అక్కడ దొరికిన బసలోనే ఆగిపోవాలి. ఈ మాట నేను కాగితం మీద పెద్ద అక్షరాలతో రాస్తాను.

చలి సంగతీ అంతే. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. తణుకు సముద్రమట్టానికి ఇరవై మీటర్ల ఎత్తు కూడా లేదు, కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. తడిసిన నూలుచీరతో ఆ గాలిలో అరగంట నిలబడితే పెద్దవాళ్లకు ప్రాణం మీదికొస్తుంది. గొడుగు పనికిరాదు. ప్యాంటూ చొక్కా విడివిడిగా ఉన్న రెయిన్‌కోటు, ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఒక జత ఉన్ని బట్టలు ఎవరి సంచిలో వాళ్లకుండాలి. గుర్రం మీద వేసిన సామాను మనతో పాటు చేరుతుందన్న భరోసా లేదు.

హెలికాప్టర్ ఉంది కదా అని చాలామంది ధీమా. ఆ ధీమాను తీసేయడానికి నాకు ఎక్కువ సమయం పడుతుంది. ఆ ఇరుకు లోయలో పైలట్ కంటికి కొండ కనిపిస్తేనే హెలికాప్టర్ ఎగరాలి. మబ్బు దిగితే నడిచేవాడు చెట్టు కిందైనా ఆగగలడు, ఎగిరేవాడికి ఆగే చోటు లేదు. 2025 జూన్ 15న కేదార్‌నాథ్ నుంచి తిరిగొస్తున్న హెలికాప్టర్ గౌరీకుండ్ దగ్గర కూలి ఏడుగురు పోయారు. మోకాళ్లు సహకరించనివాళ్లకు హెలికాప్టర్ మంచిదే. అయితే అందులో వెళ్లేవాళ్లు నడిచేవాళ్ల కన్నా ఎక్కువ ఖాళీ రోజులు చేతిలో పెట్టుకోవాలి.

వాతావరణ శాఖ హెచ్చరికలు చూసే పద్ధతి కూడా నేర్పాలి. ఫోనులో రిషికేశ్ అని కొట్టి చూస్తారు. రిషికేశ్ కింద మైదానం అంచున ఉంది, అక్కడి ఎండకూ పైన కేదారానికీ సంబంధం లేదు. చూడాల్సింది జిల్లా పేరు: కేదార్‌నాథ్‌కు రుద్రప్రయాగ్, బదరీనాథ్‌కు చమోలీ, మిగతా రెండింటికీ ఉత్తరకాశీ. ఆరెంజ్ వచ్చిందంటే ఆ రోజు పైకి ఎక్కొద్దు, రెడ్ వస్తే ఉన్న ఊరు కదలొద్దు. ముక్తేశ్వర్, సుర్కండా దేవి లాంటి చోట్ల డాప్లర్ రాడార్లు పెట్టాక అంచనాలు మెరుగయ్యాయి. అయినా గంటలో 100 మిల్లీమీటర్లు కురిసే కుంభవృష్టి సరిగ్గా ఏ వాగు మీద పడుతుందో ఏ రాడారూ ముందురోజు చెప్పలేదు.

అందుకే ఖాళీ రోజులు. ఒకటి కొండెక్కేముందు గుప్తకాశీలో, ఒకటి తిరుగు రైలుకు ముందు హరిద్వార్‌లో. మొదటిది వాన కోసం. రెండోది దారిలో కొండచరియలు పడితే, రైలు తప్పిపోతుందన్న కంగారులో డ్రైవరును తొందరపెట్టకుండా ఉండటానికి. మా వీధిలో ఒక పెద్దావిడ ఆ కాగితం చూసి, "ఇంత డబ్బు పోసి గుప్తకాశీలో ఊరికే కూర్చోమంటావా బాబూ?" అన్నారు. "వాన లేకపోతే ఎదుటి కొండ మీద ఉఖీమఠ్ చూసి రండి పిన్నిగారూ, చలికాలం ఆరు నెలలూ కేదారుడికి పూజలు జరిగేది అక్కడే. వాన వస్తే ఆ రోజు మీరు కొండ మీద ఉండరు, అది చాలదూ?" అన్నాను. నాలుగు ధామాలనూ పదిరోజుల్లో కుక్కే బదులు అవే రోజుల్లో కేదారం, బదరి రెండే చూడమని కూడా చెప్పాను. నాలుగూ చేస్తేనే కదా పుణ్యం అని ఆవిడ బాధపడ్డారు. నాకూ బాధగానే ఉంటుంది, కానీ ఆ మాటకు మాత్రం నేను లొంగను.

పూర్వపు యాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణంలో బయల్దేరి కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. పదిహేను నెలల పైమాట. తిరిగొచ్చే తేదీ ఆయన్ని వెనక నుంచి తరమలేదు. ఇప్పుడు రిజర్వేషను 60 రోజుల ముందు తెరుచుకోగానే మనం ముందు తిరుగు టికెట్ కొంటాం, ఆ తేదీకి యాత్రను వంచుతాం. ఇంత దూరం వచ్చి దర్శనం కాకుండా పోవడమా అన్న మాట కొండ మీద పుడితే దానికి ఎదురు చెప్పడం కష్టం. వెనక్కి తిరిగే షరతులు ఇంట్లో ఉన్నప్పుడే, అందరూ కూర్చుని, కాగితం మీద పెట్టుకోవాలి. పెద్దవాళ్లలో ఎవరికైనా ఆయాసం వస్తే వాళ్లతో కిందికి ఎవరు దిగుతారో పేరు కూడా రాసుకోవాలి.

మరొకటి ఉంది, అది డ్రైవరుతో మాట. గఢ్వాల్ డ్రైవర్లకు అక్కడి శ్రీనగర్ దాటాక సిరోబగడ్ దగ్గర ఏ వానకు రాళ్లు జారతాయో తెలుసు. అతను ఆగుదామంటే ఆగాలి. కానీ బండి ఆగిన రోజు అతని కూలి ఆగిపోతే, ఆగుదామని అతనెందుకు అంటాడు? రిషికేశ్‌లో బండి మాట్లాడుకునేటప్పుడే, కదలని రోజుకూ పూర్తి కిరాయి, భోజనం ఇస్తామని చెప్పండి. ఆ ఖాళీ రోజుల డబ్బు విడిగా ఒక కవరులో పెట్టుకుని బయల్దేరండి.