చూచెనా, వినెనా, తలంచెనా?



కల్పితకథ చదువుట ఒకటి, జరిగిన సంగతిని తెలుపు వ్రాత చదువుట వేరొకటి. కథలోని రాజు లోకములో ఎన్నడును లేకపోయినను మనకు నష్టము లేదు. ఇది నిజముగా జరిగినదని చెప్పు వ్రాతనైతే మనము నమ్ముదుము, నమ్మి దానినిబట్టి నడుచుకొందుము. ఈ భేదము నాకు దైవశాస్త్ర కళాశాలలో చెప్పిరి. నేను నేర్చుకొన్నది మాత్రము చాలా ఆలస్యముగా.

2021 మార్చి నెలలో, అరువది యేండ్లు దాటినవారికి కరోనా టీకాలు వేయుట మొదలైన దినములలో, నా ఫోనులోనికి ఒక వ్రాత వచ్చెను. ముసలివారికి ఆ సూది కీడు చేయునని దాని సారాంశము. ఆరాధన ముగిసిన పిమ్మట నేను దానిని సంఘమునకు చదివి వినిపించితిని. ‘ఒక పెద్ద డాక్టరు చెప్పారట’ అని అందులో నుండెను. చదువునప్పుడు నేను ‘చెప్పారు’ అంటిని. ఒక్క ‘ట’ నా నోట జారిపోయెను. మా సంఘములోని ఒక అవ్వ, అయ్యగారే చెప్పినారు గదా అని, సూది వేయించుకొనక మానెను. మే నెలలో ఆమెకు జ్వరము తగిలెను. బ్రదికెను గాని, నేటికిని గుడిమెట్లు ఎక్కునప్పుడు రెండుమారులు ఆగి ఊపిరి తీసికొనును.

ఆ ‘ట’ ఎంత విలువైనదో చూడుడి. ‘వాన కురిసినది’ అన్నవాడు తడిసి వచ్చినవాడు. ‘వాన కురిసినదట’ అన్నవాడు ఒకరిచేత విన్నవాడు. ‘వాన కురిసియుండును’ అన్నవాడు తడిసిన నేలను చూచి తలంచినవాడు. మన తార్కికులు చెప్పిన ప్రమాణములలో ప్రత్యక్షము, శబ్దము, అనుమానము అనునవి ఈ మూడే. (ఇచ్చట అనుమానమనగా సందేహము కాదు, ఒకదానినిబట్టి మరియొకదానిని ఊహించుట.) నేను వీటిని మొదట ఇంగ్లీషు పేర్లతో కంఠస్థము చేసితిని. మా అమ్మ మాటలోనే ఇవన్నియు ఉన్నవని పిదపగాని తోచలేదు.

అభ్యాసమునకు ఒక మంచి పుస్తకము చెప్పెదను. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఆయన ఇంటర్‌ప్రిటరు, అనగా దుబాసి. 1830 మే 18వ తేదీని బయలుదేరి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము మీదుగా కాశీకి పోయి, గయ, కలకత్తా, జగన్నాథము చూచుకొని, 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరెను. త్రోవలో తన స్నేహితుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాసిన సంగతులే ఈ గ్రంథము.

మజిలీ ఎంత దూరము, అచ్చట ఏ సరుకులు దొరకును, ఏరు ఎట్లు దాటవలెను అని వ్రాయునప్పుడు ఆయన తాను నడిచిన దారినే చెప్పుచున్నాడు. ఆ భాగము బంగారము. ఒక క్షేత్రముయొక్క మహాత్మ్యము చెప్పునప్పుడు ఆయన విన్నవాడు. అది అబద్ధమని కాదు. ఆ కాలపు జనులు ఏమి నమ్మిరో దానికి అది మంచి సాక్ష్యము, ఆ క్షేత్రము ఎట్లు పుట్టెనో దానికి కాదు. ఒకే మాట ఒక సంగతికి ఆధారమై మరియొక సంగతికి ఆధారము కాకపోవచ్చును. చదువరులు తరచుగా తప్పునది ఇచ్చటనే.

ఇక నైజాము ఏలుబడినిగూర్చియు కుంపిణీ ఏలుబడినిగూర్చియు ఆయన పోల్చి వ్రాసిన చోట్లు మూడవ జాతివి. అచ్చట ఆయన తీర్పు తీర్చుచున్నాడు. తీర్చువాడెవడు? ఇంగ్లీషువారి కోర్టులో జీతము తినువాడు. అందుచేత ఆయన మాట త్రోసివేయవలెనని నేననను. త్రోవలో దొంగలభయము ఆయన నిజముగా అనుభవించియుండవచ్చును. ఆ జీతమును మనస్సునందుంచుకొని చదువుడి, అంతే.

మరియొక సంగతి. ఆయన 1836లో చనిపోయెను. గ్రంథము అచ్చైనది 1838లో, శ్రీనివాసపిళ్లగారివలన. కాబట్టి వ్రాసిన చెయ్యి ఒకటి, కూర్చి అచ్చొత్తించిన చెయ్యి మరియొకటి. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు మరల ప్రకటించినప్పుడు వివరణలు చేర్చిరి. అవి మిక్కిలి ఉపయోగకరములు, అయితే అవి 1830 నాటి కండ్లు కావు. పుటలో పైనున్నది ఎవరి మాట, క్రిందనున్నది ఎవరి మాట అని చూడక కలిపి చదివినయెడల నూరు సంవత్సరముల దూరము చెరిగిపోవును.

మన చేతనున్న అపొస్తలుల కార్యములలోను ఇట్టి గుర్తు ఒకటి కలదు. పదునారవ అధ్యాయము ఎనిమిదవ వచనమువరకు ‘వారు’ పోవుదురు. త్రోయకు వచ్చిన పిమ్మట, పదియవ వచనములో, ‘మేము’ అని మొదలగును. ఎన్ని యేండ్లు ప్రసంగించితినో, ఆ ‘మేము’ నా కంటబడలేదు.

ఇప్పుడు శనివారము సాయంకాలములయందు మా యౌవనస్థులతో కూర్చుండి వార్తాపత్రికయో, కరపత్రమో, కాశీయాత్రచరిత్రలోని రెండు పుటలో చదువుచున్నాను. ప్రతి వాక్యము ప్రక్కను పెన్సిలుతో ‘చూ’, ‘వి’, ‘త’ అని వ్రాయవలెను. తగవులు చాలా వచ్చును, రానిండి. కొన్ని వాక్యములకు రెండు గుర్తులు పడును. వార్తాపత్రికలో ‘వి’ అను గుర్తు ఎన్నిమారులు పడునో మీరే వేసి చూడుడి.

మొన్న ఒక చిన్నవాడు పుటంతయు గుర్తులు వేసి, క్రింద ఖాళీగా నున్నచోట నిలువుగీత ఒకటి గీసెను. అదేమని అడిగితిని. ‘అయ్యగారూ, ఈయన పల్లకిలో పోయినాడు గదా. మోసిన బోయీలు ఆ త్రోవనుగూర్చి ఏమనుకొన్నారో ఇందులో లేదు’ అనెను. వాని తాత రిక్షా త్రొక్కినవాడు. దానికి ఏ గుర్తు వేయవలెనో మాకు ఇంకను తేలలేదు.