ఆదిపర్వంలో వివాహపూర్వ సమయాలు: శకుంతల, గంగ, సత్యవతి

కీలకపదాలు: నన్నయ, ఆదిపర్వం, సమయం, శుల్కం, ఇల్లటం, వివాహపూర్వ ఒప్పందం

ఉపోద్ఘాతం

స్నాతకోత్తర తరగతిలో శకుంతలోపాఖ్యానం బోధిస్తున్న రోజుల్లో ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. "అన్నీ తెలిసిన శకుంతల ఆ మాటను సాక్షుల ఎదుట ఎందుకు చెప్పించుకోలేదు మేడమ్?" అన్నది ఆమె ప్రశ్న. తరగతి నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. తరువాత విభాగంలో నన్ను కలిసినప్పుడు కారణం తెలిసింది. ఆమెకు అమెరికాలో, కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్న యువకునితో వివాహం నిశ్చయమైంది. నిశ్చితార్థానికి ముందు అక్కడి న్యాయవాది తయారుచేసిన ఒప్పందపత్రం ఒకటి ఆమెకు చేరింది. సంతకం చేయాలా వద్దా అన్నది ఇంట్లో ఎటూ తేలడం లేదు. "పెళ్లికి ముందే విడాకుల లెక్కా!" అని పెద్దలు బాధపడుతున్నారట.

పెద్దల బాధను తక్కువ చేయలేము. అయితే వివాహానికి ముందు షరతు పెట్టడం మన సంప్రదాయానికి పరాయిదన్న వారి భావన ఆదిపర్వం ముందు నిలవదు. కురువంశ కథలో మూడు కీలకమైన మలుపులు వివాహపూర్వ ఒప్పందాల మీదనే ఆధారపడి ఉన్నాయి. ఈ అర్థంలో సంస్కృతం వాడే మాట 'సమయం'. నేటి తెలుగులో అది కాలవాచకంగా స్థిరపడి, ఒడంబడిక అనే పూర్వార్థం మరుగున పడింది. ఆ అర్థాన్ని దృష్టిలో ఉంచుకుని మూడు కథలను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

శకుంతల: అడిగిన మాట, మరుగుపడిన మాట

కణ్వాశ్రమంలో దుష్యంతుడు అష్టవిధ వివాహాలను వివరించి, క్షత్రియులకు గాంధర్వం తగినదని చెబుతాడు. అది మంత్రం అక్కరలేని, రహస్యంగా జరిగే వివాహం. శకుంతల అతని వాదాన్ని కాదనదు. తనకు పుట్టబోయే కుమారుణ్ణి యువరాజును చేయాలని మాత్రం అడుగుతుంది. అతడు అంగీకరించిన తరువాతనే తాను అంగీకరిస్తుంది. ప్రేమ, షరతు ఒకే సంభాషణలో, ఒకదానినొకటి చెరపకుండా ఉన్నాయి. ఆమె అడిగినందుకు నన్నయ ఎక్కడా ఆమెను తక్కువ చేయడు. సంగతి తెలుసుకున్న కణ్వుడు కూడా కోపించడు.

ఇదే కథను కాళిదాసు నాటకంగా మలచినప్పుడు ఈ షరతు కనిపించకుండా పోయింది. దాని స్థానంలో ఉంగరం వచ్చింది, దుర్వాసుని శాపం వచ్చింది. ఇది కేవలం నాటకీయత కోసం చేసిన మార్పు అనుకోవడం చాలదు. భారతంలో దుష్యంతునికి అంతా గుర్తుంది. గుర్తుండి కూడా సభలో ఎరుగనంటాడు. అది మాట తప్పడం. నాటకంలో అతనికి నిజంగా గుర్తులేదు. అది విస్మృతి. ఒప్పందం లేనిచోట ఒప్పందభంగం ఉండదు కనుక, షరతును తొలగించడం రాజును నిర్దోషిని చేయడంలో భాగమే. దానికి మూల్యం శకుంతల చెల్లించింది. భవిష్యత్తును ముందుగా ఆలోచించి మాట అడగగల స్త్రీ, పోయిన ఉంగరం కోసం వెతుక్కునే ముగ్ధగా మిగిలింది.

తరువాతి కాలంలో పిల్లలమర్రి పినవీరభద్రుని శృంగారశాకుంతలం రెండు కథలను కలుపుకున్నా, తెలుగు పాఠకుని మనసులో స్థిరపడిన శకుంతల ఎక్కువగా కాళిదాసు శకుంతలే. వివాహానికి ముందు షరతు అనగానే మనకు కలిగే సంకోచం నన్నయ నుండి వచ్చింది కాదు, ఆ ముగ్ధ నుండి వచ్చిందని నా అభిప్రాయం.

ఇక సభాఘట్టం. శకుంతల చేతిలో పత్రం లేదు, సాక్షి లేడు. ఉన్నది ఎదుట నిలిచిన కుమారుడు, గుర్తున్న మాట. అందుకే ఆమె వాదం సాక్ష్యం చుట్టూ తిరుగుతుంది. మనిషి ఒంటరిగా చేశాననుకున్న పనిని పంచభూతాలు, సూర్యచంద్రులు, రెండు సంధ్యలు, అతని అంతరాత్మ గమనిస్తూనే ఉంటాయంటుంది. నూరు బావుల నుండి మొదలుపెట్టి మెట్టుమెట్టుగా సత్యవాక్యం వరకు సాగే ప్రసిద్ధ పద్యాన్ని మనం నీతిపద్యంగా కంఠస్థం చేయిస్తాము. సందర్భంలో అది నీతి కాదు, దావా. మాట ఇచ్చిన వ్యక్తి ఎదుట నిలబడి, మాట విలువ ఎంతో లెక్కగట్టి చూపుతున్న కక్షిదారు వాదన. చివరకు ఆకాశవాణి పలికితే తప్ప తీర్పు రాలేదు. లోకాపవాదానికి వెరచి అలా అన్నానని అప్పుడు దుష్యంతుడు ఒప్పుకుంటాడు. నా విద్యార్థిని ప్రశ్న ఇక్కడిదే. ఆకాశవాణి పలకని చోట ఏమవుతుంది?

గంగ: తెలియకుండా చేసిన అంగీకారం

రెండవ ఒప్పందంలో షరతు పెట్టినది గంగ. తాను ఏమి చేసినా అడ్డు చెప్పరాదు, అప్రియం పలకరాదు. పలికిన నాడు విడిచిపోతుంది. మూడు కథల్లో భంగమైతే ఏమవుతుందో ముందే చెప్పిన ఒప్పందం ఇదొక్కటే. ఆ విధంగా చూస్తే ఇది అన్నిటికంటె స్పష్టమైనది. అయినా అన్నిటికంటె అన్యాయమైనది కూడా ఇదే. ఆమె ఎవరో, ఏమి చేయబోతున్నదో శంతనునికి తెలియదు. వసువుల శాపవృత్తాంతం అతనికి తెలిసేది ఎనిమిదవ శిశువు విషయంలో నోరు విప్పిన తరువాత, ఆమె వెళ్లిపోయే ముందు.

అమెరికాలో పలు రాష్ట్రాలు స్వీకరించిన 1983 నాటి నమూనా చట్టం వివాహపూర్వ ఒప్పందానికి రాత, సంతకం ఉండాలంటుంది. స్వచ్ఛందంగా చేయని సంతకాన్ని అంగీకరించదు. ఆస్తులు, అప్పులు తగినంతగా వెల్లడించకుండా రాయించుకున్న ఘోరమైన అన్యాయపు షరతులనూ నిలబెట్టదు. కాలిఫోర్నియా చట్టం మరొక అడుగు వేసి, తుదిపత్రం చేతికి ఇచ్చిన నాటికి, సంతకానికి మధ్య కనీసం 7 రోజుల వ్యవధి కోరుతుంది. శంతనునికి ఏడు రోజులు దొరికి ఉంటే ఏమి చేసేవాడో చెప్పలేము. మోహంలో ఉన్నవానికి ఏడు రోజులు చాలవనే నా అనుమానం. ఆ కొలతలతో చూసినా గంగాశంతనుల సమయం నిలిచేది కాదు. అందులో వెల్లడి లేదు.

సత్యవతి: ఎవరి ఒప్పందం?

మూడవ కథ అన్నిటికంటె చిక్కైనది. సత్యవతి కుమారునికే రాజ్యం దక్కాలన్నది దాసరాజు షరతు. కన్యను ఇవ్వడానికి రాజ్యమే శుల్కం. వాల్మీకి అయోధ్యాకాండలో కైకేయి వివాహానికి కూడా ఇటువంటి రాజ్యశుల్కం ప్రస్తావన ఉంది. అప్పటికే యువరాజైన దేవవ్రతుడు ఉండగా శంతనుడు ఆ షరతుకు అంగీకరించలేక వెనుదిరిగాడు. వరుడు నిరాకరించిన ఒప్పందాన్ని అతని కుమారుడు వెళ్లి పూర్తిచేశాడు. రాజ్యం వదులుకున్నాడు. నీవు వదిలినా నీ సంతానం వదలదు కదా అని దాసరాజు సందేహిస్తే బ్రహ్మచర్యాన్ని ప్రతిజ్ఞగా స్వీకరించాడు.

ఈ బేరం మొత్తంలో సత్యవతి గొంతు వినిపించదు. శకుంతల స్వయంగా అడిగింది, గంగ స్వయంగా విధించింది. సత్యవతి విషయంలో మాట్లాడినది తండ్రి, మూల్యం చెల్లించినది సవతి కుమారుడు. ఈ వరుస అక్కడితో ఆగలేదు. కన్యాశుల్కంలో సుబ్బి పెళ్లి బేరం కూడా ఆమె ప్రమేయం లేకుండానే సాగుతుంది. గురజాడ 1897లో ప్రచురించి 1909లో తిరగరాసిన ఆ నాటకాన్ని సాంఘిక దురాచార ఖండనగా చదవడానికి అలవాటుపడ్డాము. ఒప్పందంలో పక్షంగా ఉండవలసిన వ్యక్తి అందులో సరుకుగా మారడం అనే కోణం నుండి కూడా దానిని చదవవచ్చు.

సత్యవతి గొంతు మనకు వినిపించేది చాలా ఆలస్యంగా. చిత్రాంగదుడు యుద్ధంలో, విచిత్రవీర్యుడు వ్యాధితో సంతానం లేకుండా పోయిన తరువాత, వంశం నిలపమని, రాజ్యం స్వీకరించమని భీష్ముని ఆమె స్వయంగా కోరుతుంది. అంటే ఎవరి మేలు కోసం ఆ మాట పుట్టిందో ఆమే ఆ మాట నుండి అతనిని విడుదల చేస్తున్నది. 1872 భారత ఒప్పందాల చట్టం 63వ సెక్షన్ ప్రకారం, మాట పొందినవారు దాని నెరవేర్పును వదులుకోవచ్చు. వదులుకుంటే మాట ఇచ్చినవారు విముక్తులు. భీష్ముడు విముక్తిని అంగీకరించలేదు. ఎందుకంటే అతనిది అప్పటికే సమయం కాదు, ప్రతిజ్ఞ. సమయం ఇద్దరి మధ్య ఉంటుంది కనుక ఇద్దరూ కలిసి దానిని మార్చుకోగలరు. ప్రతిజ్ఞ తనకు తానే కట్టుబడడం. దానిని విప్పే అధికారం ఎదుటివారికి లేదు. భీష్మప్రతిజ్ఞను నుడికారంగా మార్చుకుని కీర్తించిన మనం ఈ తేడాను పెద్దగా పట్టించుకోలేదు. ఒక వివాహం కోసం చేసిన ఏర్పాటు, ఆ వివాహబంధంలోని వారెవరూ మార్చలేనిదిగా బిగుసుకోవడం ఈ కథలోని అసలు ప్రమాదం.

ఇక్కడ కథ మరొక మలుపు తిరుగుతుంది. దారి మూసుకుపోయినప్పుడు, వివాహానికి ముందే తనకు పరాశరుని వల్ల వ్యాసుడు జన్మించిన విషయాన్ని సత్యవతి భీష్మునికి వెల్లడిస్తుంది. ఒప్పందవేళ ఎవరూ బయటపెట్టని సంగతే ఒప్పందం కూలిన తరువాత వంశాన్ని నిలిపింది. వెల్లడి గురించి గంగ కథ చెప్పిన దానికి ఇది సరిగ్గా ఎదురు. ఈ రెంటినీ ఒకే సూత్రంలో ఇమడ్చడం నాకు సాధ్యం కాలేదు.

ఇల్లటం: మన నేల మీది ఒప్పందం

పురాణం నుండి వ్యవహారానికి వస్తే, అర్జునుని తీర్థయాత్రలో చిత్రవాహనుడు పెట్టిన షరతు తెలుగువారికి కొత్తది కాదు. చిత్రాంగదకు పుట్టే కుమారుడు తన వంశానికే చెందాలని అతడు కోరాడు. ఇంచుమించు ఇటువంటి అవసరం నుండే ఆంధ్రదేశంలో రెడ్డి, కమ్మ కులాలలో ఇల్లటం ఆచారంగా నిలిచింది. మామ ఇంట ఉండి సేద్యం, ఆస్తి చూసుకునే అల్లునికి కుమారుని వలె వాటా ఇస్తామన్న మాట మీద ఆ వివాహం జరిగేది. మద్రాసు న్యాయస్థానాలు దానిని ఆచారంగా గుర్తించాయి. కాని 1901లో కలకత్తా హైకోర్టు ఎదుటికి వచ్చిన వ్యాజ్యంలో, భార్య పుట్టింటనే ఎల్లప్పుడూ ఉంటానని వరుడు పెళ్లికి ముందు ఇచ్చిన మాట హిందూ ధర్మశాస్త్రానికి విరుద్ధమని, చెల్లదని తీర్పు వచ్చింది. రెండుచోట్లా అల్లుడు అత్తవారింట ఉండడమే విషయం. ఒకచోట కులాచారం మాటకు బలమిచ్చింది. మరొకచోట రాతకోతలున్నా బలం చాలలేదు.

నేటికీ హిందూ వివాహాల విషయంలో ఇటువంటి ఒప్పందాలకు ప్రత్యేక చట్టం లేదు. ప్రజావిధానానికి విరుద్ధమన్న అభ్యంతరం 1872 చట్టం 23వ సెక్షన్ రూపంలో ఎదురవుతూనే ఉంది. గోవాలో మాత్రం పోర్చుగీసు కాలపు పౌరస్మృతి ననుసరించి దంపతులు పెళ్లికి ముందే ఆస్తివిధానం ఎంచుకోవచ్చు. ముస్లిం వివాహం స్వరూపంలోనే ఒప్పందం. మహర్ అందులో భాగం.

విద్యార్థిని తెచ్చిన పత్రాన్ని ఆమె కోరికపై చదివాను. న్యాయసలహా ఇవ్వడానికి నేను అర్హురాలిని కానని ముందే చెప్పాను. ఆస్తుల జాబితా సవివరంగా ఉంది. వెల్లడికి లోటు లేదు. అయితే పుట్టబోయే పిల్లల పోషణ గురించి ఒక వాక్యం ఉంది. నేను పైన పేర్కొన్న నమూనా చట్టం పిల్లల పోషణహక్కును తల్లిదండ్రుల ఒప్పందం తగ్గించరాదంటుంది. ఆ వాక్యం కింద ఆమె అప్పటికే పెన్సిలుతో గీత గీసి ఉంచింది. పక్కన చిన్న అక్షరాలతో 'దాసరాజు' అని రాసుకుంది. ఒప్పందాన్ని ఇద్దరూ కలిసి మార్చుకునే వీలు గురించిన నిబంధన చివరి పుటలో ఉన్నదని చూపించాను. ఆమె ఆ పుటను రెండుసార్లు చదివింది. తన తరఫున వేరే న్యాయవాదికి చూపించిన తరువాతే సంతకం సంగతి చెబుతానని ఆ సాయంత్రమే వరునికి స్వయంగా ఫోన్ చేసి చెప్పింది. తండ్రి చేత చెప్పించలేదు.