సేతుకు కాకి పుట్టిందేం?

సత్తెనపల్లి, పిడుగురాళ్ల, కారెంపూడి వైపు పుంజు మాట వస్తే ముందు అడిగేది రంగే. ఒళ్లంతా నలుపైతే కాకి, తెలుపైతే సేతు, ఎరుపైతే డేగ. ఆపైన నెమలి, పర్ల, పూల, మైల, అబ్రాసు. పల్నాటి కథలో నాగమ్మ పుంజు పేరే సివంగిడేగ. ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో కూడా కుక్కుట శాస్త్రం చెబుతుంది. ఆ జోస్యాన్ని నేను నమ్మను గానీ, ఈక ఈకనూ చూసి పేరు పెట్టిన ఆ కంటికి మాత్రం దండం పెడతాను.

అయితే పైకి కనిపించే రంగు వేరు, నెత్తుట్లో ఉన్నది వేరు. కోళ్లలో తెలుపు ఒకటే రకం కాదు. ఒక రకం సేతును కాకి పెట్టతో జతకడితే పిల్లలు దాదాపు తెల్లగానే వస్తాయి. ఇంకో రకమైతే ఒక్క తెల్లపిల్లా రాదు. తెలుపు పోయిందనుకుంటాం, నిజానికి దాక్కుంది. ఆ పిల్లలనే తమలో తాము జతకడితే సగటున నాలుగింట ఒకటి మళ్లీ సేతు. మెండెల్ బఠానీ మొక్కల్లో చూసిన సూత్రం జంతువులకూ వర్తిస్తుందని 1902లో జీవశాస్త్రవేత్త బేట్‌సన్ చూపించింది కోళ్లతోనే.

నీలిబూడిద రంగుది మరో తంతు. ఆ రంగు జంటకు సగం పిల్లలే తల్లిదండ్రుల్లా ఉంటాయి. మిగిలిన వాటిలో కొన్ని నలుపు, కొన్ని మరకల తెలుపు. ఎన్ని తరాలు ఏరినా ఆ రంగు నిలవదు. అది పెంచేవాడి లోపం కాదు.

రంగు పుంజులో తెలుపు దాగి ఉందేమోనన్న అనుమానం తీర్చుకునే దారి ఉంది. ఆ పుంజును దాక్కునే రకం తెల్ల పెట్టతో జతకట్టాలి. పుంజులో తెలుపు దాగి ఉండి కూడా పది పిల్లలూ రంగువే కావడం వెయ్యింట ఒకసారి కూడా జరగదు. ఒక్క జాగ్రత్త: పాత పుంజు వీర్యం పెట్ట కడుపులో రెండు మూడు వారాలు నిలుస్తుంది. పెట్టను అన్నాళ్లూ విడిగా ఉంచకపోతే లెక్కంతా తప్పు. నూగు చూసి తీర్పు చెప్పకూడదు, పెద్ద ఈకలు వచ్చేదాకా ఆగాలి.

కోడి పందేలను 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం నిషేధించింది, మంచిదే. కత్తి పోయినా జాతి పోకూడదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ ఈ పందెం కోళ్ల జాతి అసీల్‌ను కాపాడుతోంది. మన దొడ్లలోనూ ఆ పని జరగాలి.

పుంజు కొనేటప్పుడు దాని తండ్రి గొప్పలు విని ఊరుకోకండి. వెండి ఛాయ, చారల ఈక వంటి కొన్ని లక్షణాలను పెట్ట తన కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకు ఇవ్వదు. తల్లిని చూపించమనండి.