చూపు ఎక్కడ ఆగాలి?

మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతుండగా తీసిన ఫొటో ఒకటి నా దగ్గరుంది. కెమెరా కొత్తగా చేతికొచ్చిన రోజుల్లోది. ఆమె ముఖం, ముడతలు పడ్డ చేతులు, చేట మీంచి లేచిన పొట్టు, అన్నీ అందులో పడ్డాయి. కానీ ఎవరికి చూపించినా కళ్లు ముందుగా పోయేది వెనకున్న ఎర్ర ప్లాస్టిక్ బకెట్ మీదికే. తీసేటప్పుడు ఆ బకెట్ నాకు కనబడనే లేదు. మన కన్ను తనకు కావలసింది ఏరుకుని మిగతాది వదిలేస్తుంది. కెమెరా అలా వదలదు, ఎదురుగా ఏముంటే అది పట్టేస్తుంది. వదిలే పని మనదే.

ఫొటోలో చూపు వెళ్లి ఆగే చోటునే ఫోకల్ పాయింట్ అంటారు. చీకట్లో వెలుగున్న చోటికి, అన్నీ మట్టిరంగులైన చోట ఒక్క ముదురు రంగుకి, మసకలో స్పష్టంగా ఉన్నదానికి చూపు తనంతట తానే పరిగెత్తుతుంది. మనిషి ముఖం ఉంటే, అందులోనూ కళ్లు కనిపిస్తే, ఇక చెప్పక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ కెమెరా పట్టుకుని వెళ్లాను. బకెట్ జోలికి పోలేదు. రెండడుగులు ఎడమకి జరిగి మోకాళ్ల మీద కూర్చుంటే అది ఫ్రేమ్ దాటిపోయింది, ఆమె వెనక్కి నల్లటి గుమ్మం వచ్చింది. ఏటవాలు ఎండ చెంప మీద పడుతోంది. ఆ చెంప వెలుగుకే ఎక్స్‌పోజర్ చూసుకున్నాను, ఇంటి లోపలంతా చీకటైపోయింది. ఎపర్చర్ 2.8, షట్టర్ సెకనులో 500వ వంతు. “అటూ ఇటూ ఆ తిరుగుడేంట్రా, కుదురుగా కూచో” అంటూనే ఆమె చేట ఎగరేసింది. నల్లటి గుమ్మం ముందు పొట్టు రేణువులు ఒక్కొక్కటీ మెరుస్తూ నిలబడిపోయాయి.

ఫ్రేమ్‌ని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి, గీతలు కలిసే చోట సబ్జెక్ట్‌ని పెట్టమని అందరికీ ముందుగా నేర్పుతారు. మంచి అలవాటే. కాకపోతే పోటీకి బకెట్ ఉన్నంతసేపూ నాయనమ్మని ఏ గీత మీద కూర్చోబెట్టినా లాభం లేదు.

1932లో పారిస్‌లో, సాన్ లజార్ రైల్వే స్టేషన్ వెనక, హెన్రీ కార్టియే బ్రెసో తీసిన ఫొటోలో ఒకాయన నీళ్లు నిలిచిన నేల మీదుగా దూకుతున్నాడు. మడమ ఇంకా నీటిని తాకలేదు. కింద అతని నీడ అతని కోసమే ఎదురుచూస్తున్నట్టుంటుంది. చూపు వెళ్లి ఆగేది మనిషి మీద కాదు, మడమకీ నీటికీ మధ్యనున్న ఆ ఇరుకు ఖాళీలో. ఏమీ లేని చోటు కూడా కేంద్రం కాగలదని ఆ ఫొటో చూసేదాకా నాకు తెలియదు. చెక్కల కంచె సందులోంచి తీయడంతో ఒక పక్క చెక్క అడ్డొచ్చింది. తీసిన ఫొటోని కత్తిరించడం బ్రెసోకి గిట్టేది కాదు. ఈ ఫొటోకి మాత్రం ఆ పక్క కోసేశారు.

1977లో మన ఫొటోగ్రాఫర్ రఘు రాయ్ పేరుని ఫొటోగ్రాఫర్ల సంస్థ మాగ్నమ్‌కి ప్రతిపాదించింది ఈ బ్రెసోనే. భోపాల్‌లో విషవాయువు కమ్మిన 1984 డిసెంబరులో రఘు రాయ్ ఒక పసిబిడ్డ ఖననాన్ని నలుపు తెలుపుల్లో తీశారు. వేలమంది బలైన ఊళ్లో ఆయన ఫ్రేమ్‌ని జానెడు నేలకి కుదించారు. శ్మశానం లేదు, జనం లేరు, ఆకాశం లేదు. చుట్టూ మట్టి, గులకరాళ్లు. మధ్యలో బిడ్డ ముఖం, మూతపడని కళ్లు. నుదుటి మీద ఒక పెద్ద చెయ్యి ఉంది. ఆ చెయ్యి ఎవరిదో ఫ్రేమ్‌లో కనబడదు. కళ్ల నుంచి చేతికి, చేతి నుంచి మళ్లీ ఆ కళ్లకే వస్తాం.