పిల్లి ఎవరి పక్షం?

మా వీధిలో ఈ వారమంతా ఒకటే కబురు. వాన వెలిసిన రాత్రి వేగావతి నది వైపు పొలాల్లోంచి ‘పురుగు’ ఒకటి ఎదురింటి గడప దాకా వచ్చిందట. దీపం పెట్టాక పాము పేరెత్తకూడదు కదా! లోపల ఉయ్యాల్లో పసివాడు. ఆ ఇంటి పిల్లి ఒళ్లంతా ముళ్లు లేచినట్టు ఉబ్బి, వీపు వంచి, పక్కకి నడుస్తూ ముందుకాలితో ఫట్‌ఫట్‌మని కొట్టి దాన్ని తూములోకి తోలేసిందట. “మా సంటోడ్ని పిల్లే కాసింది బావూ!” అని పెద్దావిడ వచ్చేపోయేవాళ్లందరికీ చెబుతోంది. పిల్లికి పూటపూటా మెత్తళ్లు.

నాకు ఒళ్లు మండింది. కుక్క మనిషిది, పిల్లి ఇంటిది అన్నది నా పాత పాట. మన కథలూ నా పక్షమే. పంచతంత్రంలో పసివాణ్ని పాము నుంచి కాపాడింది ముంగిస. పాపం, ఇంటివాళ్ల చేతిలోనే చచ్చింది. పిల్లికి దక్కినవి దధికర్ణుడు, దీర్ఘకర్ణుడు వేషాలు. ఒకడు తీర్పు చెబుతానని ఫిర్యాదుదారులిద్దర్నీ తిన్నాడు, ఇంకొకడు గుడ్డి గద్దని నమ్మించి చెట్టు మీది పక్షిపిల్లల్ని తిన్నాడు.

పోనీ, పాముని ఎదిరించడం త్యాగమా? ఆస్ట్రేలియా బ్రౌన్ స్నేక్ కాటు తిని, విరుగుడు మందు లేకుండానే బతికినవి కుక్కల్లో 31 శాతం, పిల్లుల్లో 66 శాతం అని క్వీన్స్‌లాండ్ పరిశోధకులు 2020లో చెప్పారు. ఆ విషానికి పిల్లి రక్తం కాస్త ఆలస్యంగా లొంగుతుంది. పైగా కుక్క మూతి పెడుతుంది, పిల్లి కాలితో తడుతుంది. మన నాగుపాము విషం సంగతి వేరు, ఆ అంకెలు చూసి ఎవరూ ధీమా పడొద్దు.

జపాన్‌వాళ్లు ఇంకా ముచ్చటైన పరీక్ష పెట్టారు. యజమాని డబ్బా మూత తీయలేక సాయమడుగుతాడు. పక్కనున్న మనిషి మొహం తిప్పేసుకుంటాడు. తర్వాత అతనే తిండి పెట్టబోతే కుక్కలు వెనకాడాయి. 2021లో అచ్చయిన పరీక్షలో పిల్లులు మాత్రం శుభ్రంగా తిన్నాయి. చదివి ఎంత మురిసిపోయానో!

అయితే నా పాటకి అడ్డొచ్చే సంగతీ ఒకటుంది. 2014లో కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో టారా అనే పిల్లి, నాలుగేళ్ల పిల్లాడి కాలు పట్టి ఈడుస్తున్న కుక్క మీదికి దూకి తరిమింది. కెమెరాకి చిక్కింది కాబట్టి కాదనలేం. మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్‌లో కుక్కల వీరత్వానికిచ్చే బహుమతి దానికే ఇచ్చారు.

సరే, నేను కళ్లారా చూసిన పిల్లి సంగతీ చెబుతాను. మాది లారీల ఊరు. కుర్రతనంలో నేను లెక్కలు రాసిన షెడ్డులో ఒక మచ్చల పిల్లి పాత సీటు స్పంజిలో ఈనింది. మార్జాల కిశోర న్యాయమని వైష్ణవ పెద్దలు ఊరికే అనలేదు. పిల్లల్ని మెడ పట్టుకుని టైర్ల వెనక్కి, అక్కణ్నుంచి టూల్‌బాక్సులోకి, ఒకచోట ఉంచితే ఒట్టు. మేస్త్రీని గీరింది, ఓనరుగారి మీదికి బుస్సుమంది. చేప ముళ్లు పెట్టే క్లీనరు కుర్రాణ్ని మాత్రం రానిచ్చేది. వాడు లారీ కింద గోనె పరుచుకుని పడుకుంటే ఊరకుక్కల్ని ఆ చాయలకి రానిచ్చేది కాదు. పిల్లల కోసమేలే అనుకున్నాను. పిల్లలు ఎదిగి తలోదారీ పట్టాక కూడా, వాడి తలాపున వాసన చూడబోయిన కుక్క ముక్కుమీద రక్తం తెప్పించింది.

ఇప్పుడాలోచిస్తే, అది రోజూ షెడ్డు గుమ్మానికీ, టైరుకీ, వాడి పిక్కలకీ ఒకేలా బుగ్గలు రాసేది. పిల్లి బుగ్గల్లో వాసన గ్రంథులుంటాయి. రాసినచోటల్లా తన గుర్తు వేసుకుంటుంది. కాబట్టి పిల్లి కాసేది తన ఎల్లనే, సందేహం లేదు. కానీ ఆ ఎల్లలో క్లీనరు కుర్రాడూ ఉన్నాడు. ఎవరు ఎవరికి సాయం చేశారో దానికి పట్టదు. తన సరుకు జోలికొస్తే మాత్రం ఊరుకోదు. మనవాళ్లని మనం కాచుకోవడంలో ఇంతకంటే పెద్ద కారణమేదైనా ఉందా?

ఒకరోజు సుంకి ఘాటు మీదుగా రాయ్‌పూర్ లోడు బయల్దేరుతుంటే ఆ పిల్లే లారీకి అడ్డంగా పోయింది. డ్రైవరు బ్రేకు తొక్కి, తిట్టి, శకునం మారేదాకా కదలనని బీడీ వెలిగించాడు. క్లీనరు కుర్రాడికి నవ్వాగలేదు. “మన పిల్లే కదేటి గురూ! మనోలు ఎదరొస్తే సెడ్డేటుంటాది?”