తల్లిని దోషిని చేసే కథ

ఆటిజం గురించి మనం చూసిన పేరున్న సినిమాలు ఎక్కువగా పెద్దవాళ్లవి. 'రెయిన్ మ్యాన్' (1988)లో రేమండ్, 'బర్ఫీ' (2012)లో ఝిల్‌మిల్. గుర్తుపట్టాల్సిన వయసు రెండేళ్లు; ఆ వయసు పిల్లలు మాత్రం తెరమీదకు రారు. ఆ ఖాళీలో ఇంకో కథ స్థిరపడిపోయింది: తప్పు తల్లిదే.

దానికి పుస్తకరూపం ఇచ్చి పేరు తెచ్చుకున్నవాడు బ్రూనో బెటల్‌హైమ్. 1967 నాటి 'ది ఎంప్టీ ఫోర్ట్రెస్'లో ఈ పిల్లల స్థితిని నాజీ శిబిరాల్లోని ఖైదీల స్థితితో పోల్చాడు. తను కూడా ఆ శిబిరాల్లో ఉన్నవాడే, కాబట్టి పోలికకు బలం వచ్చింది. ప్రమాదమూ అక్కడే ఉంది. ఖైదీ ఉంటే కాపలావాడూ ఉండాలి. ఆ వేషం తల్లికి పడింది. తర్వాతి పరిశోధన ఈ వాదాన్ని కొట్టేసింది. ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించింది, జన్యువుల పాత్ర పెద్దది, పెంపకం వల్ల వచ్చేది కాదు.

పుస్తకం పాతబడింది గానీ కథ పాతబడలేదు. పలాసలో జీడిపప్పు పనికి వెళ్లే ఒక తల్లిని ఊహించుకోండి. "తల్లి పనికెలిపోతే గుంటడికి మాటలెవులు నేర్పుతారు?" అంటుంది వీధి. ఫోను ఇచ్చినందుకేనంటారు ఇంకొకరు. "మగపిల్లాడు కదా, లేటుగా మాటాడతాడులే" అని మరొకరి ఓదార్పు. నిందా ఓదార్పూ కలిసి విలువైన ఏడాదిని తినేస్తాయి.

ఉద్దానం అనగానే మన రచనల్లో కిడ్నీ జబ్బు, 2018లో తిత్లీ కూల్చేసిన కొబ్బరితోటలు వస్తాయి. రావాలి కూడా. కానీ చిన్న విషయాల్ని పట్టుకునే కథ కూడా నాకు కావాలి. పేరు పెట్టి పిలిస్తే తిరగని పిల్ల. ఏడాదిన్నర దాటినా "అదిగో" అని వేలెత్తి చూపించని పిల్లాడు. బొమ్మకారు నడపకుండా చక్రమే తిప్పుకుంటూ కూర్చునేవాడు. వచ్చిన నాలుగు మాటలూ పోయినవాడు. వీటిలో ఏ ఒక్కటీ తీర్పు కాదు. కొన్ని కలిసి కనిపిస్తే, మాటలు పోతే మాత్రం ఆ ఒక్కటి చాలు, ఆగకుండా డాక్టరుకి చూపించాలి. వినికిడి పరీక్షా చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీ పిల్లల్లో చూడాల్సిన వాటిలో ఆటిజమూ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని పేరు పెట్టి గుర్తించింది.

అమ్మానాన్న వలసపోతే ఇంట్లో ముందుగా పసిగట్టేది నాయనమ్మే. "పిలిస్తే పలకడేటి?" అంటుంది. అది మంచి ప్రశ్న. బెటల్‌హైమ్ కథ ఆ ప్రశ్నను కోడలి మీదకు తిప్పుతుంది. మన కథ దాన్ని టెక్కలి ఆసుపత్రి దాకా తీసుకెళ్తే చాలు.